రత్తి పేరున రాసిన విశ్రాంతి

నమోదు 1
2094 మే 2, ఆదివారం, ఉదయం 9.40

నేను, ఆముక్త, వయసు డెబ్బై ఒకటి, ఈ పుస్తకం ఇవాళ మొదలుపెడుతున్నాను. కారణం ఒకటే. ఈ ఉదయం 7.12కి ఎలుగుగుట్ట మీద, కంచె లోపల, ఏడు నెలల ఎలుగుపిల్ల ఒకటి ఎండలో నిలబడి ఊగింది. ముందు నడుము కిందికి దించింది. తర్వాత ఎడమకీ కుడికీ పదకొండు సార్లు ఊగింది. చివర మెడ కుడివైపుకు తిప్పి అలాగే ఉంచింది. ఆ వైపు ఏమీ లేదు. కాసేపాగి మళ్లీ నడుము దించింది.

ఆ కదలిక నాకు తెలుసు. నలభై రెండేళ్ల కిందట ఒక జంతుశాలలో రత్తి అనే ఆడ ఎలుగు అచ్చం ఇలాగే ఊగేది. దాన్ని నేను ముప్పై ఒక్క రోజులు దగ్గర కూర్చుని చూసి రాశాను. రత్తి చచ్చిపోయి ముప్పై తొమ్మిదేళ్లయింది. ఈ పిల్ల పుట్టింది ప్రయోగశాల గాజుగదిలో, దాచిపెట్టిన ఎలుగు కణాల నుంచి. రత్తిని చూసినవాళ్లలో ఇవాళ బతికున్నది, నాకు తెలిసి, నేనొక్కదాన్నే.

"చూశావా నాయనమ్మా, ఎంత ముద్దుగా నిలబడిందో!" అంది తరళ. తరళ నా కొడుకు కూతురు, ఇరవై ఏడేళ్లది, గుట్ట మీద కేంద్రంలో ఎలుగుపిల్లల పెంపకం చూస్తుంది.

"దాన్ని నీడలోకి తోలు" అన్నాను.

"కాసేపు ఆగితే అదే వెళ్తుంది."

గడియారం చూశాను. పంతొమ్మిది నిమిషాల దాకా వెళ్లలేదు. ఎండ అప్పటికే నలభై మూడు డిగ్రీలు. చివరికి తరళే దాన్ని చంకన వేసుకుని నీడలో దింపింది. అక్కడా నిలబడి ఊగింది.

ఈ నెల ఇరవై ఐదున రెండు పిల్లలనీ అడవిలో వదులుతారు. పన్నెండో తేదీ లోపు నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. అందుకే నన్ను గుట్టకు పిలిచారు. దాని సంగతి తర్వాత రాస్తాను. ఎండ ముదిరింది, నేల కింది చలవగదిలోకి దిగే వేళయింది. పైకప్పుకు సున్నం వేసేవాళ్లు దిగే నిచ్చెన తీసుకుపోతామని అరుస్తున్నారు.

నమోదు 2
మే 3, ఉదయం 6.50

నీళ్ల వరుసలో యాభై రెండు మంది. నా ముందు ముప్పై నాలుగు. ట్యాంకరు ఆలస్యమని కబురు వచ్చిన నిమిషానికే మొదలైంది. ముందు పిల్లలు, తర్వాత వాళ్ల తల్లులు, ఆ తర్వాత తలనెరిసిన మగవాళ్లు. బిందె కాళ్ల మధ్య పెట్టుకుని, భుజాలు కొంచెం దించి, ఎడమకీ కుడికీ. ఎవరూ ఒకరినొకరు చూసుకోరు. చెప్పుల కింద ఇసుక ఒక్కసారిగా కరకరమంటుంది, ఆగుతుంది, మళ్లీ కరకరమంటుంది. పదకొండు సార్లు ఊగాక యాభై తలలు కుడివైపుకు తిరుగుతాయి.

ఇది మా ఊళ్లో ఒక్కచోటే కాదు. ఆసుపత్రిలో చీటీ కోసం నిలబడ్డా ఇంతే, బస్సు రాకపోయినా ఇంతే. దీన్ని 'రాణి నిలబడటం' అంటారు. పుట్టలరాణి అనే వీడియో ఆట మీద పెరిగినవాళ్లు అందరూ ఇలాగే నిలబడతారు. ఆ ఆట ఆడకుండా పెరిగినవాళ్లు నలభై లోపు వయసులో నాకు తెలిసి ఎవరూ లేరు.

ఆ ఆటలో రాణి ఒక ఎలుగు. రాణిలో ప్రతి ముక్కా రత్తి దగ్గర తీసుకున్నదే. రత్తి గుండె మీద తెల్లటి వంపు గీత ఉండేది. రాణికి అది చీకటి దారుల్లో వెలిగే నెలవంక అయింది. రత్తికి ముందరి పైపళ్లు రెండు ఉండవు, ఆ జాతికే ఉండవు. పుట్ట తవ్వి ఆ సందులోంచి చెదల్ని గాలితో పీల్చేది, ఆ చప్పుడు గేటు దాకా వినపడేది. రాణి అదే గాలితో శత్రువుల్ని లాగేస్తుంది. రత్తి ముక్కుపుటాలు మూసుకోగలదు కాబట్టి రాణి దుమ్ముతుఫానులో నడవగలదు. ఎలుగుతల్లి పిల్లల్ని వీపు మీద మోస్తుంది కాబట్టి, ఆటలో పిల్ల వీపు మీద ఉన్నంతసేపు రాణికి చావు లేదు. కళ్లు మాత్రం మూడింతలు పెద్దవి చేశారు. మూతి కుదించారు. చొంగ తీసేశారు. బొమ్మలు గీసే అబ్బాయితో నేను దీని మీద రెండు సార్లు వాదించాను.

"ఎవరు చూస్తారండీ చొంగ?" అన్నాడు.

ఇంకొక ముక్క ఉంది. ఆడేవాడు చేతిలో మీటలు వదిలేసి ఊరికే కూర్చుంటే, తెర మీద రాణి కొయ్యలా నిలబడకూడదు. ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. దానికి ఆట చేసిన కంపెనీవాళ్లు రత్తి విశ్రాంతి కదలికల్ని వాడుకున్నారు. విశ్రాంతి అని రాసి ఇచ్చింది నేను.

నమోదు 3
మే 4, ఉదయం 8.30

గుట్టకు మళ్లీ వెళ్లాను. పిల్లలు రెండు. మగది దుబ్బు, ఆడది సన్నాయి. సన్నాయి అని పేరు పెట్టింది మస్తాన్, అది ఏడిస్తే అలాగే ఉంటుందట. మస్తాన్‌కు యాభై నాలుగు. అక్కడ యంత్రాలు బాగుచేస్తాడు. అతను బాగుచేసే యంత్రాల్లో పెద్దది ఆ పిల్లల తల్లి.

నిజమైన ఎలుగంత ఎత్తు, నల్లటి దుబ్బు జుట్టు, లోపల ఇనుము. పుట్ట ఎలా తవ్వాలో, ఏ కాయ తినాలో, ఏ వాసనకు ఆగాలో పిల్లలకు అదే నేర్పుతుంది. మస్తాన్ దాన్ని అత్తగారు అంటాడు.

"అలసిపోదు, నవ్వదు, నేను ఎంత చేసినా ఒక మంచి మాట అనదు. ఇంకేమనమంటారు మామ్మగారూ?"

"దీనికి నడక ఎక్కడిది?" అని అడిగాను. జవాబు తెలిసే అడిగాను.

"ఎక్కడిదేముంది, ఆటలోదే. అసలు ఎలుగుల వీడియోలు పాత సర్వర్లతో పాటే పోయాయి కదా. ఆట పోలేదు, జనం ఆడుతూనే ఉన్నారు కాబట్టి. కంపెనీ మూసేశాక అందులోని కదలికలన్నీ మనవాళ్లు తెచ్చుకున్నారు. రెండు వందల పదిహేడు గంటలు. లోకంలో ఎలుగు ఎలా కదిలేదో తెలిసేది ఇక అందులోనే."

"ఎవరూ ఏ పనీ చెప్పనప్పుడు ఇది ఏం చేస్తుంది?"

"రాణిలాగే నిలబడుతుంది. చూడండి."

చేతిలో మీట పక్కన పెట్టాడు. యంత్రం నడుము దించింది. వెంటనే దుబ్బు, సన్నాయి పరుగెత్తుకొచ్చి వీపు మీదికి ఎక్కాయి. గోళ్లతో జుట్టు గట్టిగా పట్టుకున్నాయి. ఎక్కాక తల్లి నడవాలి. నడవలేదు. ఊగింది. పదకొండు. మెడ కుడికి తిప్పింది. మళ్లీ నడుము దించింది, మళ్లీ ఊగింది. వీపు మీద పిల్లలు మొదట మూలిగాయి. తర్వాత మూలగడం మానేశాయి. నేను ఇరవై ఆరు నిమిషాలు చూశాను. పన్నెండో నిమిషం నుంచి పిల్లల తలలు కూడా ఊగాయి.

"మా ఆవిడ ఫోను కలవకపోతే ఇలాగే చేస్తుంది" అని మస్తాన్ నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

అడవిలో ఈ పిల్లలకు తల్లి ఉండదు. ఏం చేయాలో తోచని ప్రతిసారీ నిలబడి ఊగుతాయి. ఎండలో, నీళ్లకు ఫర్లాంగు దూరంలో. అడవికుక్కలు వచ్చినా ఊగుతాయి. వారం కూడా బతకవు.

నమోదు 4
మే 6, మధ్యాహ్నం 1.15, చలవగదిలో

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. మొత్తం వివరంగా పెడుతున్నాను.

2052లో నాకు ఇరవై తొమ్మిది. జంతుశాస్త్రంలో పట్టా ఉంది, ఉద్యోగం లేదు. ఆ ఆటల కంపెనీ నన్ను కదలికలు నమోదు చేయడానికి పెట్టుకుంది. రత్తి ఒంటికి పద్నాలుగు చోట్ల సెన్సర్లు కట్టారు. అది ఏ నిమిషంలో ఏం చేస్తోందో చూసి రాయడం నా పని. రోజుకు ఏడు గంటలు. ముద్రించిన పట్టికలో ఆరు గడులు: నడక, తవ్వడం, పీల్చడం, వాసన, తిండి, విశ్రాంతి. గంటకు అరవై నిమిషాలూ ఏదో ఒక గడిలో పడాలి. ఊగడానికి గడి లేదు.

కొత్త గడి గీయవచ్చు. అడగవచ్చు. నేను అడగలేదు. పట్టిక సరిపోవాలి, కింద మొత్తం కుదరాలి, ఖాళీ ఉండకూడదు. అది నా గర్వం. ఊగిన నిమిషాలన్నీ విశ్రాంతిలో వేశాను. మొత్తాలు ఒక్క నిమిషం తేడా లేకుండా కుదిరాయి. కంపెనీవాళ్లు మెచ్చుకున్నారు.

తెలియక చేశానంటే అబద్ధం. రత్తికి తిండి పెట్టే పోలమ్మ ఆరో రోజునే చెప్పింది.

"అది పడుకోవడం కాదమ్మా, అలా రాస్తున్నావేం? ముందు నడుం వంచుతుంది చూడు. ఎక్కమంటోంది. పిల్లను నిరుడు ఆ తలుపులోంచి పట్టుకుపోయారు. ఎక్కేది లేదు. అందుకని ఊగుతుంది, మళ్లీ ఆ తలుపు చూస్తుంది."

ఆ తలుపు కుడివైపు ఉండేది.

"ఆ మాట రాయడానికి ఇందులో చోటు లేదు పోలమ్మా" అన్నాను.

"చోటు లేకపోతే దానికి బాధ లేనట్టేనా?" అని బకెట్టు తీసుకుని పోయింది. ఆ తర్వాత నెల పొడుగునా నాతో మాట్లాడలేదు.

నా సొంత నోటుపుస్తకంలో మాత్రం ఊగిన ప్రతి నిమిషానికీ పక్కన ఒక చుక్క పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఆ ఐదు పుస్తకాలూ పెట్టెలోంచి తీసి ఇవాళ చుక్కలు లెక్కపెట్టాను. మూడు వేల ఎనిమిది వందలు. అంటే అరవై మూడు గంటల ఇరవై నిమిషాలు. పట్టికలో విశ్రాంతి మొత్తం ఎనభై ఒక్క గంటల ముప్పై నిమిషాలు. రత్తి నిజంగా విశ్రమించింది పద్దెనిమిది గంటల పది నిమిషాలు.

తరళకు అంతా చెప్పాను.

"చిన్నప్పుడు వరుసలో ఊగితే వీపు మీద కొట్టేదానివి" అంది. "సరిగ్గా నిలబడు అని. నీకు క్రమశిక్షణ పిచ్చి అనుకున్నాను."

"అవును. కొట్టాను."

"కారణం చెబితే మానేదాన్ని కదా నాయనమ్మా."

కారణం ఏనాడూ చెప్పలేదు. చెప్పలేదనే ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 5
మే 8, ఉదయం 10.00

కేంద్రానికి పెద్ద డాక్టర్ ఎస్తేరు. నలభై ఆరేళ్లు. మనిషి మంచిది, నిద్ర తక్కువ. నేను సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. అందులో ఉన్నది ఒకే వాక్యం: తల్లి యంత్రం కదలికలన్నీ ఆరోగ్యంగా ఉన్న జంతువు దగ్గర, సరిగ్గా గుర్తించి నమోదు చేసినవి. అది లేకపోతే అడవి సంఘం పిల్లల్ని వదలనివ్వదు.

నోటుపుస్తకాలు ముందు పెట్టి అంతా చెప్పాను. ఎస్తేరు విన్నాక లేచి తలుపు వేసింది.

"మామ్మగారూ, ఇప్పుడు ఇది బయటికి వస్తే ఏమవుతుందో తెలుసా? అనుమతి పోతుంది. మళ్లీ వచ్చే ఏడాది. అప్పటికి ఇవి వీపు ఎక్కే వయసు దాటిపోతాయి, నేర్చుకునే వయసూ దాటిపోతుంది. పట్నంవాళ్లు జనానికి చూపించడానికి అద్దాల గది కట్టి కూర్చున్నారు, ఎప్పుడిస్తారని వారానికోసారి అడుగుతున్నారు. అద్దాల గదిలో పెట్టిన ఎలుగు ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు."

"ఊగుతుంది."

"మరి? సంతకం పెట్టండి. అడవిలో వదిలితే మానుకోవచ్చు. చెప్పలేం కదా."

"నేను చెప్పగలను. నిన్న సన్నాయి మూడు గంటల్లో నలభై ఒక్క నిమిషాలు ఊగింది. మొన్న ముప్పై మూడు. పెరుగుతోంది."

"మీరు నలభై రెండేళ్లు ఆగారు!" అని అరిచింది. "ఇప్పుడే గుర్తొచ్చిందా మీకు?"

అది నిజమే. తనే కూర్చుంది. గొంతు తగ్గించింది.

"మా అమ్మ పోయిన రోజు ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు నిలబడ్డాను. రాణిలా ఊగుతూనే ఉన్నాను. అది ఒక్కటే నాకు ధైర్యం ఇచ్చిందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. అది దేనిదో ఇవాళ చెబుతున్నారు మీరు."

"బహుశా అందుకే ధైర్యం ఇచ్చిందేమో" అన్నాను. ఇలాంటి మాటలు అనడం నాకు అలవాటు లేదు. అన్నాను కాబట్టి రాస్తున్నాను.

చివరికి కుదిరింది ఇది. మూడు రోజులు. నా చుక్కలను బట్టి ఊగిన భాగం మొత్తం యంత్రంలోంచి తీసేయాలి. పిల్లల్లో మార్పు కనిపిస్తే ఎస్తేరు తానే నా వాంగ్మూలం సంఘం ముందు పెట్టి, కొత్త నమోదు మీద అనుమతి అడుగుతుంది. కనిపించకపోతే నా ఇష్టమట.

నమోదు 6
మే 11, ఉదయం 10.20

తొమ్మిదో తేదీ నుంచి తరళ, నేను, మస్తాన్ కూర్చున్నాం. నేను పుస్తకం చూసి రోజు, గంట, నిమిషం చదువుతాను. తరళ తెర మీద వెతుకుతుంది. మస్తాన్ కోస్తాడు.

మొదటి ప్రయత్నం నా తప్పు. చుక్క ఉన్న నిమిషం మొత్తం కోయమన్నాను. నిన్న ఉదయం యంత్రాన్ని వదిలితే, పని లేనప్పుడు అది ఊగలేదు, ప్రశాంతంగా నిలబడి గాలి వాసన చూసింది. బాగుందనుకున్నాం. అయితే పిల్లలు దాని వీపు ఎక్కలేదు. చుట్టూ తిరిగాయి. సన్నాయి దాని పొట్ట కింద దూరి, బయటికొచ్చి, ముందుకాళ్లు దాని తొడ మీద వేసి ఏడ్చింది. యాభై నిమిషాలు ఏడ్చింది. తల్లి దానికోసం వంగలేదు.

"నడుము దించడం పోయింది" అంది తరళ. "అది కూడా ఆ నిమిషాల్లోనే ఉంది."

మిగతా నూట యాభై మూడు గంటల్లో వెతికాం. ఒక్కసారి కూడా లేదు. ఉండదు. రత్తి దగ్గర అప్పటికి పిల్ల లేదు. లేని పిల్లకోసం వంగినవే ఉన్నాయి, ప్రతి ఊగుడుకూ ముందు, నాలుగేసి సెకన్లు. తల్లి ఎలుగు పిల్లను ఎలా ఎక్కించుకుంటుందో ఈ లోకంలో ఎక్కడైనా మిగిలిందంటే ఆ నాలుగు సెకన్లలోనే. నేను విశ్రాంతి అని రాసిన గడిలో.

ఆ నాలుగు సెకన్లూ తిరిగి పెట్టించాను. దాని వెనక నడక అతికించాం. మస్తాన్ ఆరు సార్లు అతికించి ఆరు సార్లు విప్పాడు.

"అత్తగారికి నడుం నొప్పి వచ్చినట్టుంది, ఇంకొక్క అర సెకను ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాం.

ఈ ఉదయం 6.35కి యంత్రం వంగింది. దుబ్బు ఎక్కింది. సన్నాయి ఎక్కింది. తల్లి నడిచింది. కంచె పొడుగునా, చింతతోపు దాకా, అక్కణ్ణుంచి రాళ్ల మీదుగా పైకి. వీపు మీద రెండు తలలూ అటూ ఇటూ చూస్తున్నాయి. తరళ ఏడ్చింది. నేను సమయం రాసుకున్నాను: పదిహేడు నిమిషాలు.

దింపాక దుబ్బు పుట్ట తవ్వుకుంది. సన్నాయి నిలబడింది. భుజాలు దించింది. ఊగింది.

మొన్నటి కంటే తక్కువే, మూడు గంటల్లో పంతొమ్మిది నిమిషాలు. కాని ఊగింది. కంచె పట్టుకుని చూస్తూ ఉన్నాను, ఇక ఆపుతుంది, ఇక ఆపుతుంది అనుకుంటూ.

"మామ్మగారూ" అన్నాడు మస్తాన్, చాలా నెమ్మదిగా. "మీరు కూడా."

చూసుకున్నాను. నా భుజాలు కిందికి ఉన్నాయి. కంచె తీగ నా చేతిలో అటూ ఇటూ కదులుతోంది. నేను ఆ ఆట ఒక్కరోజు కూడా ఆడలేదు. నాకు అది రత్తి దగ్గర నుంచే నేరుగా వచ్చి ఉండాలి. ఎప్పటి నుంచి ఇలా నిలబడుతున్నానో, ఎన్ని వరుసల్లో, ఎన్నేళ్లు, నాకు లెక్క లేదు.

"ఎన్ని?" అని అడిగాను.

"ఎనిమిది చూశాను. ముందు ఎన్నో తెలీదు."

నమోదు 7
మే 12, బుధవారం, ఉదయం 7.05

కాగితం మీద సంతకం పెట్టలేదు. దాని బదులు నాలుగు పేజీల వాంగ్మూలం రాసి, ఐదు నోటుపుస్తకాలతో కలిపి ఎస్తేరుకు ఇచ్చాను. తను నిలబడే చదివింది. చదివి, సంచిలో పెట్టుకుని, సంఘం దగ్గరికి ఏడు గంటల బండికి వెళ్లింది. వాళ్లు ఏమంటారో తెలియదు. వాళ్లు ఏమన్నా, జరగవలసినవి ఇవి:

1. 2052 నాటి పట్టికలో విశ్రాంతి ఎనభై ఒక్క గంటల ముప్పై నిమిషాలు అన్నది కొట్టేసి పద్దెనిమిది గంటల పది నిమిషాలు అని రాయాలి. తప్పు ఎవరిదో నా పేరుతో రాయాలి.

2. మిగిలిన మూడు వేల ఎనిమిది వందల నిమిషాలకు ఏడో గడి గీయాలి. దానికి ఏం పేరు పెట్టాలో నన్ను అడగవద్దు. పోలమ్మ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు అక్కడ రాయాలి.

3. తల్లి యంత్రం వంగిన రెండు సెకన్లలోపు నడవాలి. ఎక్కడికీ పోని వీపు మీద పిల్లలు ఇంకెప్పుడూ ఎదురుచూడకూడదు.

4. పుట్టలరాణి ఆటను చెరిపేయకూడదు. రాణి ఊరికే నిలబడ్డప్పుడు తెర అడుగున రత్తి పేరు రావాలి, దాని పిల్లను ఏ వైపు తలుపులోంచి తీసుకుపోయారో రావాలి. ఆ తర్వాత కూడా జనం ఊగితే తెలిసి ఊగుతారు.

5. సంఘం ఒప్పుకుంటే దుబ్బును ఇరవై ఐదునే వదలాలి. సన్నాయి కోసం దాన్ని ఆపకూడదు.

6. సన్నాయిని కంచెలో ఉంచకూడదు. తెల్లవారగానే మస్తాన్, తరళ దాన్ని గుట్ట అవతలికి తీసుకెళ్లాలి. దానికి కుడివైపు గోడ, తలుపు, మనిషి ఏదీ ఉండకూడదు. వరుసగా ఏడు రోజులు ఊగిన నిమిషాలు సున్నా వస్తేనే వదలాలి. రాకపోతే వదలకూడదు, అద్దాల గదికీ ఇవ్వకూడదు. నేను పోయే దాకా నా ఇంటి వెనక ఉంటుంది, తర్వాత తరళ దగ్గర.

7. సంఘం ఒప్పుకోకపోతే ఎస్తేరు తిరిగి వెళ్లి అడగాలి. మూడోసారి నేను వెళ్తాను. నిలబెడితే నిలబడతాను, ఎలా నిలబడతానో వాళ్లు చూడాలి.

8. తొలకరి పడి పుట్టల్లోంచి ఉసిళ్లు లేచిన రోజున, ఏ పిల్ల అడవిలో ఉన్నా, దాని దరిదాపుల్లో మనిషి ఉండకూడదు. కెమెరా ఉండకూడదు. అది ఏం తిన్నదో, ఎంతసేపు తిన్నదో ఎవరూ రాయకూడదు. నేను కూడా.